మూలవాసుల మాక్యుమెంటరీల వెనక ఉన్న పాత బాకీ

డాక్యుమెంటరీ వేషంలో వచ్చి డాక్యుమెంటరీనే ఆటపట్టించే సినిమాని మాక్యుమెంటరీ అంటారు. కెనడా, ఆస్ట్రేలియా మూలవాసులు తమని తెర మీద ఎలా చూపించారో చెప్పడానికి ఈ కొంటె దారి ఎందుకు పట్టారో తెలియాలంటే 1922కి వెళ్లాలి.

ఆ ఏడాది రాబర్ట్ ఫ్లాహెర్టీ 'నానూక్ ఆఫ్ ది నార్త్' విడుదలైంది. కెనడాలో, హడ్సన్ బే ఒడ్డున ఇనుక్జువాక్ దగ్గర, అక్కడి మంచు ప్రాంతపు మూలవాసులైన ఇనూయిట్ జనం మధ్య తీశాడు. డాక్యుమెంటరీలకు అదే ఆద్యమని ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో ముఖ్యపాత్ర నానూక్ వేసినాయన అసలు పేరు అల్లకరియల్లక్. భార్యగా కనిపించే ఆవిడ ఆయన భార్య కాదు. అప్పటికే తుపాకులతో వేటాడుతున్నవాళ్ల చేత బల్లేలు పట్టించారు. వాల్రస్‌ని లాగలేక, తుపాకీ పేల్చమని వాళ్లు కేకలు పెడుతుంటే ఫ్లాహెర్టీ వినపడనట్టు కెమెరా తిప్పుతూనే ఉన్నాడు. ఒక సీన్‌లో వర్తకుడు గ్రామఫోన్ పెడితే, నానూక్ వింతగా చూసి రికార్డుని పళ్లతో కొరుకుతాడు. గ్రామఫోన్ ఆయనకి కొత్తేం కాదు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఈ సీనే. ఎందుకంటే ఆ షూటింగ్‌లో ఫిల్ము కడగడం దగ్గర్నుంచి చాలా పనులకి ఇనూయిట్లే చేయి వేశారు. సినిమా పని తెలిసినవాళ్లని, పాట పెట్టె చూసి నోరెళ్లబెట్టే అమాయకులుగా లోకానికి చూపించారు.

హాలీవుడ్ అయితే ఆ వేషం కూడా మూలవాసులకి దక్కనివ్వలేదు. 1956 నాటి 'ది సెర్చర్స్'లో కొమాంచీ అనే మూలవాసి తెగ నాయకుడిగా వేసిన హెన్రీ బ్రాండన్ జర్మనీలో పుట్టినవాడు. 1971లో చెత్త పారేయొద్దని చెప్పే టీవీ ప్రకటనలో, చెంప మీద కన్నీటి బొట్టుతో అమెరికాని కదిలించిన 'ఇండియన్' ఐరన్ ఐస్ కోడీ తల్లిదండ్రులు ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్లు. మనకి 'రెడ్ ఇండియన్' అనగానే గుర్తొచ్చే ఈకల కిరీటం ఇలాంటి బొమ్మల నుంచి వచ్చిందే.

1964లో జాన్ ఫోర్డ్ 'షయాన్ ఆటమ్' తీసినప్పుడు షయాన్ తెగ జనంగా మరో మూలవాసి తెగ నవాహోల్ని నిలబెట్టారు. వాళ్లు తమ భాషలోనే మాట్లాడారు. ముఖాలు గంభీరం, మాటలు పచ్చి జోకులు. తీసేవాళ్లకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నవాహో ప్రేక్షకులు మాత్రం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఈ కొంటెతనానికి వేరు అక్కడే ఉందని నా నమ్మకం.

1986లో ఆస్ట్రేలియా టీవీ సంస్థ ఏబీసీ ప్రసారం చేసిన అరగంట 'బాబకియువేరియా'లో యూనిఫాం వేసుకున్న అబోరిజినల్ మనుషులు, అంటే అక్కడి మూలవాసులు, పడవలో ఒడ్డుకి వస్తారు. అక్కడ తెల్లవాళ్లు మాంసం కాల్చుకుంటుంటారు. ఈ చోటుని ఏమంటారని అడిగితే 'బార్బెక్యూ ఏరియా' అంటారు. అదే దేశం పేరైపోతుంది. తర్వాత ఒక అబోరిజినల్ రిపోర్టర్ మామూలు తెల్ల కుటుంబం ఇంట్లో మకాం పెట్టి, వాళ్ల ఆచారాలని జాలిగా వివరిస్తుంది. ఒకచోట ఆ ఇంటి కూతుర్ని ప్రభుత్వం తీసుకెళ్లిపోతుంది. నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. అబోరిజినల్ పిల్లల్ని అలా తల్లుల దగ్గర్నుంచి లాక్కెళ్లడం దాదాపు 1970ల దాకా నిజంగా జరిగింది.

2006లో కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డు నుంచి వచ్చిన 'కల్లునాత్!' ఇంకా ముందుకెళ్లింది. కల్లునాత్ అంటే ఇనూయిట్ భాషలో తెల్లవాళ్లు. వాళ్ల డేటింగ్ అలవాట్లనీ, ఆర్కిటిక్‌లో బోల్తాపడ్డ వాళ్ల అన్వేషణలనీ, ఆస్తి పిచ్చినీ ఇందులో ఇనూయిట్లు పరిశోధిస్తారు. అందులో కనిపించే రచయిత జెబెడీ నుంగాక్‌ది ఉత్తర క్యుబెక్‌లోని ఇనూయిట్ల నునావిక్ ప్రాంతం. అల్లకరియల్లక్ చేత రికార్డు కొరికించిన ఇనుక్జువాక్ ఉన్నదీ ఆ నునావిక్‌లోనే.