గొలుసుకట్టు రాత గొడవ 2020లో మొదలైంది

ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు గొలుసుకట్టు రాత తప్పనిసరి చేయాలన్న మాట కర్నూలు జిల్లాలో మళ్లీ వినిపిస్తోంది. కాన్వెంటు పిల్లల నోట్సు చూసిన తల్లిదండ్రులు, మా పిల్లలకు కలిపి రాయడం ఎందుకు రాదని అడుగుతున్నారు. కాలిఫోర్నియా 2023లో చట్టం చేసి మరీ దీన్ని తప్పనిసరి చేసిందని కొందరు గుర్తుచేస్తున్నారు. అక్కడ చాలామంది పిల్లలకు బడికి రాకముందే ఇంగ్లీషు చెవిన పడి ఉంటుంది. ఈ జిల్లాలోని కోసిగి పిల్లలకు ఆ వీలేదీ?

ఇక్కడి సంగతి తెలియాలంటే 2020 దగ్గర ఆగాలి. ఇంగ్లీషు మీడియం జీవోలు 2019 నవంబరులో వచ్చాయి. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టేసింది. అయినా ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా కొత్త పుస్తకాలు బడికొచ్చాయి. అప్పటికి కరోనాతో బడులు మూతపడ్డాయి. ఒకటి నుంచి ఐదు తరగతులు మళ్లీ తెరిచింది 2021 ఫిబ్రవరిలో. రెండో వేవ్‌తో మళ్లీ మూత. పెద్దబడి, చిన్నబడి (ఇంగ్లీషు పెద్ద, చిన్న అక్షరాలు) దిద్దాల్సిన ఆ నెలల్లో పిల్లల పక్కన కూర్చుని చేయి పట్టి రాయించినవాళ్లు లేరు. అప్పుడు ఒకటో తరగతిలో చేరినవాళ్లే ఇప్పుడు హైస్కూలుకు వచ్చారు.

ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఇంకో కష్టం. మిరప కోతలకు గుంటూరు వలస వెళ్లే కుటుంబాల పిల్లలకు రోజూ రాసే అలవాటు ఏటా మధ్యలో తెగిపోతుంది. కాపీ రైటింగ్ రోజూ రాస్తేనే నిలుస్తుంది.

తప్పనిసరి చేయాలనేవాళ్ల వాదనలో బలమైనది వేగం. 2023లో పదో తరగతి పేపర్లను ఆరుకు తగ్గించారు. వంద మార్కుల పేపరు మూడుంబావు గంటలు రాయాలి. కలిపి రాస్తే చేయి ఆగదని వాళ్లంటారు. కొంత నిజమే. చేత్తో రాస్తే అక్షరం బాగా గుర్తుంటుందని పరిశోధనలూ చెబుతున్నాయి. విడి అక్షరాల కంటే గొలుసుకట్టే మేలని మాత్రం గట్టిగా తేలలేదు.

ప్రైమరీ టీచర్ల మాట ఇంతకంటే సూటిగా ఉంది. ఒకే టీచరున్న బడిలో ఐదు తరగతులూ ఆ ఒక్కరే చూసుకోవాలి. ముందు విడి అక్షరం స్పష్టంగా రానివ్వండి, మూడో తరగతి నుంచి రోజుకో పీరియడ్, నాలుగు గీతల నోటుబుక్కు ఇవ్వండి, అప్పుడు కలిపి రాయిస్తాం అంటున్నారు. ఆ పీరియడ్ టైంటేబుల్‌లో లేకుండా ఉత్తర్వు ఒక్కటే వస్తే, చెక్ చేసేవాళ్లొచ్చిన రోజు చూపించడానికి నాలుగు పేజీలు రాయించడమే జరుగుతుంది.