పెద్దాపరేషన్ (సిజేరియన్) అయ్యాక తిండి, నీళ్లు ఎప్పుడు? అపోహలు - వాస్తవాలు

"సిస్టరమ్మా, గ్యాస్ ఇంకా పోలేదు. నోట్ల రెండు చుక్కల నీళ్లు పొయ్యొచ్చా?"

బాలింత మంచం పక్కన కూర్చున్న తల్లులు, అత్తలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. నల్లగొండ జిల్లాలో ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. దేవరకొండ వైపు తండాల నుంచి, మిర్యాలగూడ నుంచి, అటు పాలమూరు సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లను రోజూ చూస్తుంటాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 100 కాన్పులు జరిగితే దాదాపు 61 సిజేరియన్లే. ఇన్ని ఇళ్లకు సంబంధించిన విషయంలో ఇంకా పాత మాటలే నడుస్తుంటే బాధగా ఉంటుంది.

అపోహ: గ్యాస్ పోయేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టొద్దు.

వాస్తవం: మామూలుగా జరిగిన సిజేరియన్‌లో కోసేది పొట్ట గోడను, గర్భసంచిని. పేగులను కోయరు. ఈ రోజుల్లో ఎక్కువమందికి వెన్నులో మత్తు సూది ఇస్తారు కాబట్టి బాలింత మెలకువగానే ఉంటుంది, మింగగలదు, దగ్గగలదు. ఆపరేషన్ తర్వాత చిన్న పేగు కొన్ని గంటల్లోనే కదలడం మొదలుపెడుతుంది. అన్నిటికంటే ఆలస్యంగా తేరుకునేది పెద్ద పేగు. గ్యాస్ పోవడమంటే ఆ చివరి భాగం కూడా తేరుకుందని గుర్తు. అది ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. ఆ గుర్తు కోసం నోరు కట్టేసి కూర్చోబెట్టడంలో అర్థం లేదు. పైగా కడుపులో ఏదో ఒకటి పడితేనే పేగులకు కదలిక వస్తుంది. తినిపిస్తే గ్యాస్ తొందరగా పోతుంది కానీ ఆగదు.

ఆపరేషన్ అయినవాళ్లు త్వరగా కోలుకునేలా మార్గదర్శకాలిచ్చే అంతర్జాతీయ వైద్య సంస్థ ఎరాస్ సొసైటీ. సిజేరియన్ మీద అది 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు 2 గంటల్లోపే మామూలు తిండి మొదలుపెట్టొచ్చని చెబుతున్నాయి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ మాట ఇంకా సూటిగా ఉంటుంది: ఇబ్బందులేమీ లేకుండా కోలుకుంటున్న తల్లి ఆకలేస్తే తినొచ్చు, దాహమేస్తే తాగొచ్చు.

ఈ పాత పద్ధతి మన అవ్వలు పెట్టింది కాదు, ఒకప్పుడు ఆసుపత్రులే నేర్పాయి. పూర్తి మత్తు ఇచ్చి ఆపరేషన్లు చేసిన కాలపు జాగ్రత్త అది. అందుకే మంచం పక్కనున్న అత్తను కసరడం నాకు నచ్చదు. ఆమె తన కాన్పప్పుడు విన్నదే చెబుతోంది.

ఇక్కడ ఒక లెక్క చూడండి. రాత్రి 9కి అన్నం తిన్న గర్భిణికి తెల్లారి 10 గంటలకు ఆపరేషన్ అయింది. గ్యాస్ పోయిందని మర్నాడు సాయంత్రం 4కి ఇడ్లీ పెట్టారు. మొత్తం 43 గంటల పస్తు. కళ్లు తిరగడం, తలనొప్పి, బిడ్డను ఒళ్లోకి తీసుకునే ఓపిక లేకపోవడం, వీటిలో చాలావరకు ఆకలి, దాహాల వల్ల వచ్చేవే. ముందుగా నిర్ణయించిన ఆపరేషన్‌కు కూడా సాధారణంగా గట్టి తిండి 6 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపితే చాలు. ఆపరేషన్ ఆలస్యమైతే నీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చో అడిగి తెలుసుకోండి.

మొదలుపెట్టే తీరు తేలికే. మంచం తలవైపు పైకెత్తి, నాలుగైదు గుక్కల నీళ్లు. వాంతి రాకపోతే చాయ్, మజ్జిగ, కొబ్బరి నీళ్లలో ఏదైనా. ఆ తర్వాత ఆకలేస్తే ఇడ్లీ, ఉప్మా, మెత్తటి పప్పన్నం, పెరుగన్నం. కొద్దికొద్దిగా, ఆమె అడిగినంత. వికారంగా ఉంటే కాసేపు ఆగి మళ్లీ ఇవ్వండి, వికారం తగ్గడానికి సూది కూడా ఉంటుంది.

అపోహ: గ్లూకోజ్ ఎక్కుతోంది కదా, తిండి అక్కర్లేదు.

వాస్తవం: అర లీటరు 5 శాతం గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, దాదాపు 85 క్యాలరీలు. రెండు ఇడ్లీలకు కూడా సరిపోదు. ఉప్పునీటి సెలైన్‌లో అదీ ఉండదు. ఆ సీసా నీటి కొరత తీర్చడానికి, మందులు ఎక్కించడానికి.

అపోహ: తల్లి తినలేదు, పాలెక్కడివి? అందాకా డబ్బా పాలు పట్టండి.

వాస్తవం: ముర్రుపాలు గర్భంలో ఉండగానే తయారై ఉంటాయి, ఈ పూట తిండికీ వాటికీ సంబంధం లేదు. సిజేరియన్ అయినా మొదటి గంటలోనే బిడ్డను రొమ్ముకు పట్టించాలి. రెండు నుంచి నాలుగు రోజుల్లో పాలు పెరుగుతాయి. మాయ బయటికి వచ్చాక హార్మోన్లలో వచ్చే మార్పు, బిడ్డ చీకడం, ఈ రెండే దానికి కారణం. బిడ్డకు తేనె, చక్కెర నీళ్లు అసలు వద్దు.

అపోహ: పప్పు తింటే కుట్లు చీము పడతాయి. నీళ్లు తాగితే పచ్చిగా ఉంటాయి.

వాస్తవం: నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఈ మాటే, ఎందుకంటే దీని దెబ్బ ఇంటికెళ్లాక తగులుతుంది. 21వ రోజుదాకా ఎల్లిగడ్డ కారం, అన్నం తప్ప ఏమీ పెట్టని ఇళ్లు ఇంకా ఉన్నాయి. చీము పట్టించేది సూక్ష్మక్రిములు, కందిపప్పు కాదు. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి, అంటే పప్పు, గుడ్డు, చికెన్, చేప. తాగిన నీళ్లు కుట్ల దగ్గరికి పోవు. తాగకపోతే మాత్రం మలబద్ధకం వస్తుంది, ముక్కాల్సి వస్తే కుట్లు గుంజుతాయి. పైగా కాన్పయ్యాక కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలుకన్నా ఎక్కువ. ఒంట్లో నీళ్లు తగ్గకుండా చూసుకోవడం, లేచి నడవడం అందుకే.

పాలిచ్చే తల్లికి మొదటి 6 నెలలు రోజుకు దాదాపు 600 క్యాలరీలు అదనంగా కావాలి. మన జొన్న రొట్టె, రాగి జావ, ఆకుకూర పప్పు, జామకాయ, అన్నీ పనికొస్తాయి. ఎల్లిగడ్డ కారం ఒక ముద్దలో ఉంటే తప్పేం లేదు, అదొక్కటే తిండి కాకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పయ్యాక 180 రోజులు వేసుకోవాలి. రెండూ ఒకేసారి వేసుకోవద్దు.

పెరుగు తింటే బిడ్డకు సర్ది చేస్తుందన్నది కూడా నిజం కాదు.

ఆగాల్సినవాళ్లూ ఉన్నారు.

పూర్తి మత్తు ఇచ్చి ఇంకా మగతగా ఉన్నవాళ్లు, ఆగకుండా వాంతులవుతున్నవాళ్లు, రక్తస్రావం ఎక్కువైనవాళ్లు, బీపీ పెరిగి ఫిట్స్ వచ్చినవాళ్లు, ఆపరేషన్‌లో పేగుకు దెబ్బ తగిలినవాళ్లు డాక్టర్ చెప్పేదాకా ఏమీ తీసుకోకూడదు. ఆగమన్నప్పుడు ఎందుకో, ఎప్పటిదాకానో అడగండి. అడిగే హక్కు మీకుంది.

తిండి మొదలుపెట్టాక పొట్ట ఉబ్బి గట్టిపడినా, నొప్పి పెరుగుతూ పోయినా, వాంతి ఆకుపచ్చగా పడినా, జ్వరం వచ్చినా, మూత్రం బాగా తగ్గినా వెంటనే నర్సును లేపండి, రాత్రి 2 గంటలైనా సరే. ఇంటికెళ్లాక ఇవి కనిపిస్తే సోడా, వాము నీళ్లతో చూద్దామనుకోకుండా 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకురండి.