పాజిటివ్ వచ్చిందంటే ఏమిటి అర్థం?

గర్భిణి రక్తంలో ఆమె డీఎన్‌ఏతో పాటు కడుపులోని బిడ్డ డీఎన్‌ఏ కూడా తిరుగుతుందని డెన్నిస్ లో (Lo) అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1997లో కనిపెట్టారు. వాళ్లు వెతికింది వై క్రోమోజోము తునకల కోసం. స్త్రీ శరీరంలో వై ఉండదు కాబట్టి, కనిపించినది మగబిడ్డ నుంచి వచ్చినదే. అక్కడి నుంచి ఎదిగినదే ఎన్‌ఐపీటీ, అంటే కడుపులోకి సూది గుచ్చకుండా తల్లి రక్తంతోనే చేసే గర్భస్థ శిశువు పరీక్ష. పదో వారం దాటితే చాలు, తల్లి చేతి నుంచి తీసిన కొద్దిపాటి రక్తంతో డౌన్ సిండ్రోమ్ (21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉండటం) లాంటి క్రోమోజోము తేడాలకు ఎంత అవకాశముందో చెబుతారు. అవకాశం ఎక్కువని తేలితే దాన్నే పాజిటివ్ అంటారు.

మన దేశంలో మాత్రం, ఈ పరిశోధనకు తొలి ఆనవాలైన ఆ వై సంగతినే ల్యాబు తల్లిదండ్రులకు చెప్పకూడదు. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం అలా కట్టడి చేసింది. అది న్యాయమే: 2011 జనగణనలో ఆరేళ్ల లోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 920 మంది కూడా లేరు. అదే చట్టం క్రోమోజోము లోపాల కోసం పరీక్షించడానికి అనుమతిస్తుంది. ఆడపిల్ల అని వద్దనుకోవడం తప్పయితే, డౌన్ సిండ్రోమ్ అని వద్దనుకోవడం ఎలా ఒప్పవుతుందని వికలాంగుల హక్కుల కోసం పోరాడేవారు అడుగుతున్నారు. ఆ ప్రశ్నను పక్కకు నెట్టలేం. అయినా తెలుసుకునే హక్కు, నిర్ణయించుకునే హక్కు తల్లికి ఉండాలనే నేను నమ్ముతాను. నా అభ్యంతరమంతా ఆమెకు అందే అరకొర సమాచారం మీదే.

పాతికేళ్ల తల్లులు పదివేలమందిని తీసుకుందాం. వారిలో సుమారు పదిమంది బిడ్డలకు డౌన్ సిండ్రోమ్ ఉండవచ్చు. పరీక్ష ఆ పదిమందినీ పట్టుకుందనుకుందాం. మిగతా 9,990 మందిలో వెయ్యికి ఒక్కరి విషయంలో పొరబడినా, మరో పదిమందికి పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన ఇరవై మందిలో సగంమంది బిడ్డలకు ఆ తేడా లేనే లేదు! నలభై ఏళ్ల తల్లులైతే నిజమైనవి సుమారు వంద, పొరపాట్లు ఆ పదే. రిపోర్టులో మాట ఒకటే, దాని బరువు మాత్రం వయసును బట్టి మారిపోతుంది. మరీ అరుదైన లోపాలకు వెతికినప్పుడు పొరపాట్ల పాలు ఇంకా పెరుగుతుంది. 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని గురించే హెచ్చరించింది.

పైగా మనం బిడ్డదంటున్న డీఎన్‌ఏ చాలావరకు మాయ (ప్లాసెంటా) నుంచి వచ్చేది. మాయలోని తేడా బిడ్డలో ఉండకపోవచ్చు. కాబట్టి ఉమ్మనీటి పరీక్ష లాంటి దానితో నిర్ధారించుకోకుండా గర్భం తీయించుకోవడం ప్రమాదకరమైన తొందరపాటు. ఉమ్మనీరు తీసేది పదిహేనో వారం తర్వాతే. అప్పటిదాకా పాజిటివ్ వచ్చిన ఇల్లాలు పడే నలుగుడు మాటల్లో చెప్పలేనిది. అత్తవారిది ఒక మాట, పుట్టింటివారిది ఒక మాట. పైన చెప్పిన లెక్కను ఆమె పక్కన కూర్చుని వివరించగల జన్యు సలహాదారులు మనకు చాలా తక్కువ.

తేడా ఉందని ఖాయమైనా, చెప్పవలసింది ఇంకా మిగిలే ఉంటుంది. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో చాలామందికి గుండె లోపాలుంటాయి, నేర్చుకోవడం నెమ్మదిగా సాగుతుంది. అయితే అమెరికాలో వారి సగటు ఆయుర్దాయం 1980లలో పాతికేళ్లే ఉండగా, ఇప్పుడు అరవై దరిదాపులకు చేరింది. గుండె ఆపరేషన్లు దానికి పెద్ద కారణం. బడికి వెళ్లేవారు, ఉద్యోగాలు చేసేవారు ఉన్నారు. అలాంటి బిడ్డను పెంచుతున్న ఒక కుటుంబంతో మాట్లాడే వీలును, నిర్ణయం అడగడానికి ముందే, ఆసుపత్రులు ఆ తల్లికి కల్పించాలి.