ఏటవాలు ఎండలో ఓజోన్ లెక్క

చెన్నై బీసెంట్ నగర్ తీరంలో పొద్దున నడకకు వెళ్లే మా తెలుగు బృందానికి, నీళ్ల మీద కుంకుమ బిళ్లలా కనిపించే సూర్యుడు కొత్త కాదు. అదే సూర్యుణ్ణి మిట్టమధ్యాహ్నం కన్నెత్తి చూడలేము. ఉదయపు కిరణం గాలిపొరలను ఏటవాలుగా దాటుతూ ఎన్నో రెట్లు ఎక్కువ దూరం ప్రయాణించి రావడమే ఈ తేడాకు కారణం. ఆర్కిటిక్ గాలిలో అత్యల్పంగా ఉండే వాయువులను కొలిచేవారికి ఈ ఏటవాలు ఎండే పెట్టుబడి.

కెనడా ఉత్తర కొసన, 80 డిగ్రీల అక్షాంశం దగ్గరున్న యురేకాలో సుమారు నాలుగు నెలల చీకటి తరువాత ఫిబ్రవరి మూడోవారంలో పొద్దు పొడుస్తుంది. పరిశోధనశాల పైకప్పు మీది అద్దం సూర్యుణ్ణి వెన్నంటి తిరుగుతూ వెలుగును పరారుణ వర్ణపటమాపకంలోకి, అంటే కంటికి కనిపించని పరారుణ కాంతిని తరంగదైర్ఘ్యాలవారీగా విడదీసి కొలిచే పరికరంలోకి మళ్లిస్తుంది. ప్రతి వాయువూ తనవైన తరంగదైర్ఘ్యాల దగ్గర మాత్రమే వెలుగును మింగుతుంది కనుక, వర్ణపటంలో పడిన గుంటల స్థానం ఏ వాయువో చెబుతుంది, వాటి లోతు, ఆకారం ఎంత ఉందో చెబుతాయి.

చలికాలంలో స్ట్రాటోస్ఫియర్, అంటే ఓజోన్ ఎక్కువగా ఉండే పై గాలిపొర, మైనస్ 78 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడితే అక్కడ పలుచని మేఘాలు ఏర్పడతాయి. వాటి కణాల మీద క్లోరిన్ ఓజోన్‌ను ముట్టని నిలవ రూపాలను వదిలి చురుకైన రూపంలోకి మారి, ఎండ తగలగానే ఓజోన్‌ను తినడం మొదలుపెడుతుంది. కొలతకు కావలసిన ఎండే ఆ నష్టానికీ నిప్పు రాజేస్తుంది. అందుకే ఈ పని వసంతంలోనే జరగాలి.

అయితే ఓజోన్ తగ్గినంత మాత్రాన రసాయన చర్యే దోషి అనలేము. ధ్రువం మీది ఓజోన్‌లో చాలా భాగం ఉష్ణమండలపు ఆకాశంలో, అంటే మన నెత్తిమీదే తయారై, చలికాలపు గాలి ప్రవాహంతో అటు చేరిన సరుకు. ప్రవాహం బలహీనపడిన ఏడాది సరుకే తక్కువగా చేరుతుంది. ఈ రెంటినీ విడదీయడానికి హైడ్రోజన్ ఫ్లోరైడ్ సాక్షిగా నిలుస్తుంది. అది అక్కడ దేనితోనూ కలవదు, గాలి ఎటు పోతే అటు పోతుంది. పైగాలి కిందికి దిగినప్పుడు నేల నుంచి ఆకాశం దాకా లెక్కించిన నిలువు మొత్తంలో అదీ ఓజోనూ కలిసి పెరగాలి. అది పెరిగి ఓజోన్ పడిపోతే, తినేసిన చేయి క్లోరిన్‌దే. ఖరీదైన అద్దాలకన్నా ఈ ఉపాయమే నాకు ముచ్చటగా తోస్తుంది.

2011 వసంతంలో 18 నుంచి 20 కిలోమీటర్ల ఎత్తున 80 శాతానికి పైగా ఓజోన్ పోయింది. 2020లో ధ్రువాన్ని చుట్టే గాలిసుడి అసాధారణంగా బలపడి, చలిని లోపలే బంధించడంతో మార్చిలో మొత్తం ఓజోన్ 205 డాబ్సన్ యూనిట్లకు దిగింది. అంటే, దాన్నంతా నేలమట్టపు పీడనంలో సున్నా డిగ్రీల దగ్గర పరిస్తే రెండు మిల్లీమీటర్ల పొర. మామూలుగా ఆ రుతువులో మనకన్నా ఎంతో దట్టంగా ఉండవలసిన చోట, చెన్నై మీద ఉండే సుమారు 260 యూనిట్లు కూడా లేవు. ఏప్రిల్ చివర సుడి సడలి, దక్షిణపు గాలి లోపలికి వచ్చాకే ఆ లోటు పూడింది.