ఒకే యుద్ధం, ఎవరి నెట్‌వర్క్ వారిదే

అఫ్గానిస్థాన్‌కు సేనలను పంపిన దేశాలు ఆయుధాలతో పాటు తమ కంప్యూటర్ నెట్‌వర్కులను కూడా వెంట తీసుకెళ్లాయి. 2010 నాటికి అక్కడ అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి నాటో నాయకత్వంలోని అంతర్జాతీయ దళం ఐసాఫ్‌లో 40కి పైగా దేశాల సైనికులు ఉన్నారు. శత్రువు ఒక్కడే అయినా ఒక దేశపు రహస్య నెట్‌వర్క్‌కు మరో దేశపు నెట్‌వర్క్‌తో సంబంధం ఉండేది కాదు. ఫలానా దారిలో మందుపాతర ఉందని ఒక దళం కనిపెడితే, ఆ కబురు పక్క దేశపు దళానికి చేరడానికి ఎవరో ఒకరు ఈ తెర మీద చదివి ఆ కంప్యూటర్‌లో మళ్లీ టైపు చేయాలి. లేదంటే డిస్కులోకి ఎక్కించి పట్టుకెళ్లాలి. ఆలోగా ఆ దారిలో వాహనం బయల్దేరితే జరిగే నష్టం ప్రాణనష్టమే.

నెట్‌వర్కులను ఇలా విడదీసి ఉంచడానికి చెప్పిన కారణం భద్రత. ఆ భద్రత ఎంత పలుచనిదో 2008లో బయటపడింది. పశ్చిమాసియాలోని ఒక స్థావరంలో అమెరికా సైనిక ల్యాప్‌టాప్‌కు ఎవరో పెన్‌డ్రైవ్ తగిలించారు. అందులో ఒక విదేశీ గూఢచార సంస్థ చొప్పించిన వైరస్ ఉంది. అది మామూలు నెట్‌వర్కులతో ఆగలేదు, రహస్య నెట్‌వర్కుల్లోకీ పాకింది. ఇంటర్నెట్‌తో సంబంధం లేని యంత్రాలకు దాన్ని చేర్చింది మనిషి చెయ్యే. అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ పెన్‌డ్రైవ్‌లను నిషేధించింది. వైరస్‌ను ఏరిపారేయడానికి ఏడాదికి పైగా పట్టింది. సైబర్ యుద్ధాన్ని చూసే సైనిక విభాగం అమెరికా సైబర్ కమాండ్ ఏర్పాటుకు దారితీసిన ముఖ్య కారణాల్లో ఈ ఘటన ఒకటి.

నాటోకు హెచ్చరికలు అంతకుముందే అందాయి. 1999 కొసావో యుద్ధ సమయంలో దాని వెబ్‌సైట్, ఈమెయిల్ సర్వర్లు సైబర్ దాడులతో స్తంభించాయి. 2002లో ప్రాగ్‌లో జరిగిన నాటో సదస్సులో సైబర్ రక్షణ తొలిసారి ఎజెండాలోకి వచ్చింది. 2007లో నాటో సభ్యదేశం ఎస్టోనియాలోని బ్యాంకులు, ప్రభుత్వ సైట్లు, పత్రికలు వారాల తరబడి దాడులకు గురయ్యాకే అసలు కదలిక మొదలైంది. మరుసటి ఏడాది ఆ దేశ రాజధాని టాలిన్‌లో సైబర్ రక్షణ పరిశోధన కేంద్రం ఏర్పడింది.

అఫ్గానిస్థాన్‌లో 2010లో ఈ విడి నెట్‌వర్కులను కలిపి ‘అఫ్గాన్ మిషన్ నెట్‌వర్క్’ను నిర్మించారు. ఎవరి నెట్‌వర్క్ వారి చేతిలోనే ఉంటుంది; ఉమ్మడి నిబంధనలకు తలొగ్గితేనే మిగతావాటితో అనుసంధానం. యుద్ధం మధ్యలో వైర్లు కలుపుకోవాల్సి వచ్చిన ఆ అనుభవం నుంచే, తర్వాతి ఆపరేషన్లకు ముందుగానే సిద్ధమయ్యే ‘ఫెడరేటెడ్ మిషన్ నెట్‌వర్కింగ్’ పుట్టింది. ఎలా చేరాలి, చేరాక ఎలా మెలగాలి, ఎలా వైదొలగాలి అన్నవన్నీ అందులో రాతపూర్వకంగా ఉంటాయి. నా దృష్టిలో ఇది ఏ సాఫ్ట్‌వేర్ కన్నా విలువైన పని. అందరూ కలిశాక అతి బలహీనమైన భాగస్వామి తలుపే అందరి తలుపు అవుతుంది మరి.

దాడి చేసే సైబర్ ఆయుధాల విషయంలో మాత్రం ఇంత పొత్తు లేదు. 2016 వార్సా సదస్సులో నాటో సైబర్ రంగాన్ని నేల, నింగి, సముద్రాలతో సమానమైన యుద్ధక్షేత్రంగా గుర్తించింది. అయినా ఆ ఆయుధాలు సభ్యదేశాల సొంతం. నాటో కోసం దాడి చేసి ఫలితాన్ని అందిస్తామంటారు తప్ప, శత్రువు కంప్యూటర్లలోని ఏ లోపం గుండా లోపలికి వెళ్తారో మిత్రులకైనా చెప్పరు; చెబితే ఆ దారి మూసుకుపోతుందని భయం.

మిత్రుల నెట్‌వర్కులను కాపాడుకుంటే సరిపోదని 2022 ఫిబ్రవరి 24న తేలింది. ఉక్రెయిన్‌పై దండయాత్ర మొదలవుతున్న వేళ వయాశాట్ అనే ప్రైవేటు సంస్థ ఉపగ్రహ ఇంటర్నెట్ మోడెమ్‌లపై సైబర్ దాడి జరిగింది. ఉక్రెయిన్‌లో వేల మోడెమ్‌లు పనికిరాకుండా పోయాయి. జర్మనీలో అదే ఉపగ్రహ సేవను వాడుకునే 5,800 గాలిమరలకు దూర నియంత్రణ తెగిపోయింది.

మన తీరానికీ ఇందులో పాలుంది. విశాఖపట్నంలోని తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయ కంప్యూటర్లలోకి పెన్‌డ్రైవ్‌ల ద్వారా గూఢచర్య వైరస్ చొరబడిందని 2012లో వార్తలొచ్చాయి. అదే విశాఖలో 2022, 2024ల్లో ‘మిలన్’ నౌకా విన్యాసాలకు అనేక దేశాల నౌకాదళాలు వచ్చాయి. అమెరికా రహస్య సమాచార పరికరాలను మన నౌకలు, విమానాల్లో వాడుకోవడానికి వీలిచ్చే కామ్‌కాసా ఒప్పందంపై ఢిల్లీ ఏళ్ల తరబడి తటపటాయించింది. ఆ పరికరాల ద్వారా మన నౌకల కదలికలు బయటివారికి తెలిసిపోతాయేమోనన్నది అనుమానం. భారత్‌కు ప్రత్యేక రక్షణ నిబంధనలు చేర్చాకే 2018 సెప్టెంబరులో సంతకాలయ్యాయి. ఒప్పందం గడువు 10 ఏళ్లు. అంటే 2028లో ఆ నిబంధనలను మళ్లీ అక్షరమక్షరం చదవాల్సి ఉంటుంది.