"మన గ్రూపే కదా, మనవాడే కదా": సెల్ షాపు కౌంటర్ నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

నిన్న పొద్దున్న షట్టర్ తీయగానే ఒక రిటైర్డ్ మాష్టారు వచ్చారు. ఫోన్ కౌంటర్ మీద పెట్టి, "బాబూ, నేనెవరినీ డబ్బులడగలేదు. మా ట్రైనింగ్ బ్యాచ్ వాళ్లందరికీ నా పేరుతో పదిహేను వేలు కావాలని మెసేజ్‌లు వెళ్తున్నాయట, ఒకాయన అప్పుడే పంపేశాడట" అన్నారు. చేతులు వణుకుతున్నాయి. టీ తెప్పించి ముందు కూర్చోబెట్టా. ఈ నెలలో ఇది మూడోది. మనిషి మారతాడు, బ్యాచ్ మారుతుంది, జరిగేది మాత్రం అదే. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక ఒకసారి రాసి పెడుతున్నా.

నాది తణుకులో సెల్ రిపేరు, రీఛార్జి షాపు. పదిహేనేళ్లు దాటింది. ఈమధ్య స్క్రీన్లు మార్చడం కంటే వాట్సాప్ పంచాయితీలే ఎక్కువయ్యాయి. నేను గమనించినది ఒకటుంది, మునిగేవాళ్లు ఎక్కువగా కొత్త గ్రూపుల్లో మునగరు. కొత్త గ్రూపులో ఎవడైనా డబ్బులడిగితే మనమే తిట్టి బయటికొస్తాం. దెబ్బ తగిలేదంతా పదేళ్లుగా నడుస్తున్న గ్రూపుల్లో. టెన్త్ బ్యాచ్, హాస్టల్ గ్యాంగ్, ఒకే ఆఫీసులో చేసి రిటైరైనవాళ్లు. పొద్దున్నే గుడ్ మార్నింగ్ బొమ్మ, ఎనిమిదింటికి "ఏంటి టిఫిను", పదకొండుకి రాజకీయం మీద గొడవ, మధ్యాహ్నానికి ఒకడు అలిగి గ్రూపు వదిలేయడం, సాయంత్రానికి అడ్మిన్ బతిమాలి మళ్లీ చేర్చడం. ఇలాంటి గ్రూపుల్లో జనం తలుపులు తీసిపెట్టి పడుకున్నట్టు ఉంటారు.

అపోహ: మనవాడి నంబరు నుంచి వచ్చింది కాబట్టి మనవాడే పంపాడు

కాదండీ. నంబరు వేరు, మనిషి వేరు. వాట్సాప్‌కి మీ ముఖం తెలియదు, మీ నంబరుకు వచ్చే ఆరంకెల కోడ్ ఒక్కటే తెలుసు. ఆ కోడ్ ఎవడి చేతిలో పడితే అకౌంటు వాడిది. మీ ఫోటో, మీ పేరు, మీ గ్రూపులు అన్నీ అలాగే ఉంటాయి, లోపల కూర్చున్నవాడే మారతాడు.

కోడ్ ఎలా పోతుందో కూడా చెబుతా, ఎందుకంటే అందరూ "నేనెవరికీ ఓటీపీ చెప్పలేదు" అనే అంటారు. బ్యాంకు ఓటీపీ చెప్పలేదు, నిజమే. కానీ మొన్న రాత్రి మీ బ్యాచ్‌మేట్ నుంచి "సారీ రా, నా కోడ్ పొరపాటున నీ నంబరుకి వచ్చింది, కాస్త పంపు" అని వచ్చిందిగా, అది పంపారుగా? అదే మీ వాట్సాప్ తాళం. ఆ అడిగింది కూడా మీ బ్యాచ్‌మేట్ కాదు, వాడి అకౌంటు అంతకు రెండు గంటల ముందే పోయింది. ఇలా ఒకరి నుంచి ఒకరికి గొలుసులాగా పాకుతుంది. అరవైమంది ఉన్న గ్రూపులో ఒక్కడు దొరికితే చాలు, మిగతా యాభై తొమ్మిదిమంది నంబర్లూ వాడికి దొరికినట్టే.

ఇంకో దారి లింక్డ్ డివైసెస్. కంప్యూటర్‌లో వాట్సాప్ వాడుకోవడానికి ఇచ్చిన సౌకర్యం అది, ఫోన్ కాక ఇంకో నాలుగు పరికరాలకు కలుపుకోవచ్చు. ఏదో పోటీకి ఓటేయమనో, ఫోటో చూడమనో లింకు పంపి, మీ చేతే ఒక కోడ్ కొట్టించి, వాడి పరికరాన్ని కలిపేసుకుంటారు. నాకు దీంతోనే ఎక్కువ భయం. కోడ్ కొట్టేసి మీ నంబరును వాడి ఫోన్‌లో పెట్టుకుంటే మీరు బయటికి వచ్చేస్తారు కాబట్టి ఏదో అయిందని వెంటనే తెలుస్తుంది, పైగా పాత మాటలు వాడికి కనబడవు, అవి మీ ఫోన్‌లోనే ఉంటాయి. లింక్ చేసినప్పుడు అలా కాదు, మీ వాట్సాప్ మీకు మామూలుగానే పనిచేస్తుంది, వాడు పక్కన కూర్చుని పాత చాట్లు చదువుకుంటుంటాడు. ఎవరిని "బావా" అంటారు, ఎవరిని "ఏరా" అంటారు, ఎవరింట్లో పెళ్లుంది, ఎవరు ఆసుపత్రిలో ఉన్నారు అన్నీ తెలుసుకుని అప్పుడు మొదలుపెడతాడు.

నీతులు చెబుతున్నాడు గానీ వీడికేమైనా జరిగిందా అంటారేమో, జరిగింది. రెండేళ్ల కిందట మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో ఉన్న కువైట్ వాడి నుంచి రాత్రి పదిన్నరకి నాకు మెసేజ్ వచ్చింది. ఇక్కడ వాళ్లమ్మకి బాలేదని, తన యాప్ పనిచేయడం లేదని, ఎనిమిది వేలు ఫలానా నంబరుకి కొట్టమని, పొద్దున్నే తిరిగి వేస్తానని. నేను కొట్టాను. పదిహేనేళ్లుగా ఊళ్లో వాళ్లందరికీ జాగ్రత్తలు చెప్పే నేనే. అందులో సిగ్గుపడాల్సిన సంగతి ఏంటంటే, డబ్బు కొట్టేముందు యూపీఐలో అవతలి ఖాతాదారు పేరు కనబడుతుంది కదా, అది మావాడి పేరు కాదు, ఎక్కడో ఉత్తరాది పేరు. చూశా. చూసి "ఆసుపత్రి ముందు మందుల షాపు వాడిదై ఉంటుందిలే" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. అవతలివాడు ఆ అబద్ధం చెప్పనేలేదు, వాడికి ఆ కష్టం కూడా లేకుండా నేనే అల్లిపెట్టాను. షాపుకి వచ్చేవాళ్లను అడిగి చూడండి, పదిమందిలో తొమ్మిదిమంది ఆ పేరు చూసే ఉంటారు.

ఫోన్ చేసి అడగొచ్చు కదా? చేయలేదు. మొహమాటం. వాళ్లమ్మకి బాలేదంటుంటే "నువ్వేనా నిజంగా" అని ఎలా అడుగుతాం, ముప్పై ఏళ్ల స్నేహం, ఏమనుకుంటాడో. ఈ దొంగలు కంప్యూటర్ చదువుతో కాదు, మన మొహమాటంతో బతుకుతున్నారు.

ఆ రాత్రి మిగతావాళ్లను కాపాడింది మా గ్రూపులో అందరికంటే పనికిమాలినవాడు. రోజంతా పాత సంగతులు తవ్వి విసిగించేవాడు. వాడికీ అదే మెసేజ్ వచ్చింది. కువైట్ వాడు జన్మలో "బ్రో" అనడు, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాడు, అదీ సగం తప్పులతో. ఇదేమో శుభ్రంగా ఉంది. మనవాడు అనుమానం వచ్చి "సరే పంపుతా గానీ, డ్రిల్లు మాష్టారికి మనం పెట్టిన పేరేంటో చెప్పు" అన్నాడట. "తర్వాత చెప్తా బ్రో, అర్జెంట్" అని వచ్చింది. వెంటనే మామూలు కాల్ చేస్తే కువైట్ వాడు నిద్రలో లేచి "ఏరా, ఎవడు పోయాడు" అన్నాడు. వాళ్లమ్మ నిక్షేపంగా ఉంది, ఆ పూట పెళ్లి భోజనానికి కూడా వెళ్లొచ్చింది.

అందుకే చెబుతున్నా, మామూలు కాల్ చేయండి. వాట్సాప్ కాల్ కాదు, అది నేరుగా దొంగకే మోగుతుంది. మా గ్రూపులో ఆ తర్వాత ఒక మాట అనుకున్నాం: డబ్బు సంగతి నోటితోనే అడగాలి, నిర్ధారణ కోసం ఎవడు ఫోన్ చేసినా ఎవడూ ఏమీ అనుకోకూడదు. ఇంతే. మీ గ్రూపులో ఇవాళే అనుకోండి.

ఇప్పటికే అకౌంటు పోయి ఉంటే కంగారుపడి ఫోన్ ఫార్మాట్ చేయించకండి (అలా చేయించుకుని ఫోటోలన్నీ పోగొట్టుకుని వచ్చినవాళ్లున్నారు). సిమ్ మీ దగ్గరే ఉందిగా, వాట్సాప్‌లో మళ్లీ మీ నంబరు కొట్టి, వచ్చిన ఆరంకెల కోడ్ ఎక్కించండి. అది పడగానే అవతలివాడు బయటికి పోతాడు. ఒక్కోసారి ఇంకో పిన్ అడుగుతుంది, అంటే వాడు లోపల టూ స్టెప్ పిన్ (ఆరంకెల కోడ్ పైన ఇంకో తాళం) పెట్టాడన్నమాట. అప్పుడు ఏడు రోజులు ఆగాలి. మాష్టారికి ఇదే అయ్యింది, "ఏడు రోజులు వాడు నా పేరుతో తిరుగుతాడా బాబూ" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. తిరగడండీ. మీరు కోడ్ కొట్టినప్పుడే వాడు బయటికి పోయాడు, పిన్ మీకు తెలియకపోయినా సరే. ఆ ఏడు రోజులూ మీకూ ఉండదు, వాడికీ ఉండదు. ఈలోగా ఇంట్లో ఇంకెవరి ఫోన్ నుంచైనా గ్రూపులో చెప్పించండి, అడ్మిన్ మీ నంబరును తాత్కాలికంగా తీసేస్తే ఇంకా మంచిది. లోపలికి రాగానే లింక్డ్ డివైసెస్ తెరిచి మీవి కానివన్నీ లాగౌట్ కొట్టి, టూ స్టెప్ పిన్ మీరే పెట్టుకోండి. 2017 నుంచి ఉంది ఆ సౌకర్యం, నా దగ్గరికి వచ్చే ఫోన్లలో పెట్టుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

అపోహ: పోయిన డబ్బు ఇంక పోయినట్టే

పోయిందని ఇంట్లో చెప్పకుండా రెండు రోజులు దాచితే పోయినట్టే. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకీ చెప్పండి. ఎంత, ఏ టైముకి, లావాదేవీ నంబరు ఎంత అన్నది చేతిలో పెట్టుకుని చేయండి. డబ్బు ఇంకా అవతలి ఖాతాలో ఉంటే అక్కడ ఆపే వీలుంది, వాళ్లు డ్రా చేసేశాక కష్టం. అందుకే గంటలు ముఖ్యం. నా ఎనిమిది వేలు రాలేదు, నేను సిగ్గుపడి తెల్లారిందాకా ఆగాను కాబట్టి. మాష్టారి స్నేహితుడి చేత అప్పటికప్పుడు చేయించా, ఏమవుతుందో చూడాలి.

అపోహ: గుడ్ మార్నింగ్ ఫోటో తెరిస్తే బ్యాంకు ఖాతా ఖాళీ

మామూలు ఫోటో చూసినందుకు ఖాతా ఖాళీ అయిన ఫోన్ నా కౌంటర్ మీదకి ఇంతవరకూ ఒక్కటీ రాలేదు. స్టోరేజీ నిండి ఫోన్ మొరాయించినవి మాత్రం వందలు. అసలు ప్రమాదం పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో పేరు పెట్టుకుని వచ్చే ఏపీకే ఫైలు. పేరు చివర ఏపీకే అని ఉంటే అది ఫోటో కాదు, యాప్. ఇన్‌స్టాల్ చేసి అడిగిన పర్మిషన్లన్నీ ఇస్తే మీ ఎస్సెమ్మెస్‌లు వాడు చదువుతాడు, బ్యాంకు ఓటీపీలతో సహా. శుభలేఖకి ఇన్‌స్టాల్ ఎందుకండీ? అక్షింతలు వేయడానికి యాప్ కావాలా?

అపోహ: సభ్యుడు ఏం పెట్టినా అడ్మిన్ జైలుకే

మా ఊళ్లో ఈ భయంతో అడ్మిన్ పదవి వదిలేసుకున్నవాళ్లున్నారు. సభ్యుడు పెట్టిన అభ్యంతరకరమైన పోస్టుకి, అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని 2021లో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అడ్మినే చేతులు కలిపితే అది వేరే సంగతి. కాబట్టి తీసేయాల్సినవి తీసేస్తూ నిశ్చింతగా ఉండండి.

మిగతావి త్వరత్వరగా

మూడు టిక్కులు పడితే ప్రభుత్వం చూసినట్టా? మూడో టిక్కే లేదు బాబూ. రెండు పడితే చేరింది, నీలమైతే చదివారు. ఏళ్ల తరబడి అదే మెసేజ్, పైన రెండు బాణాల గుర్తుతో (చాలా చేతులు మారి వచ్చిందని అర్థం), నా దగ్గరికి పాతికసార్లు వచ్చింది.

డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొడితే మాయమైపోతుందా? గ్రూపులో పోతుంది, రెండు రోజుల పైచిలుకు దాటాక ఆ అవకాశం కూడా ఉండదు. స్క్రీన్‌షాట్ తీసినవాడి ఫోన్‌లో ఎప్పటికీ ఉంటుంది. ఎన్‌క్రిప్షన్ ఉంది కదా అంటారు. ఉంది, దారిలో ఎవరూ చదవలేరు. చేరాల్సిన చోట అరవైమంది చదువుతారు కదా.

పదిమందికి పంపకపోతే వాట్సాప్ ఆగిపోతుందా? ఆగదు.

ఒకటి మాత్రం నెమ్మదిగా చెప్పాలి. మా బ్యాచ్‌లో ఒకడు పోయినేడు గుండెపోటుతో పోయాడు. వాడి నంబరు గ్రూపులోంచి తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. నాలుగైదు నెలల తర్వాత ఒక సాయంత్రం ఉన్నట్టుండి గ్రూపులో వాడి పేరు పక్కన "లెఫ్ట్" అని పడింది. ఆ రాత్రి మా గ్రూపు గ్రూపులా లేదు. ఒకడు ఫోన్ ఎవరో దొంగిలించారన్నాడు, ఒకడు వాళ్లావిడ కోపంతో తీసేసిందేమో అన్నాడు, ఇద్దరు ముగ్గురు అసలు మాట్లాడలేదు. విషయం ఏంటంటే, 120 రోజులు వాడకుండా ఉన్న అకౌంటును వాట్సాప్ మామూలుగా తీసేస్తుంది, తీసేసినప్పుడు గ్రూపుల్లో వాళ్లంతట వాళ్లు వెళ్లిపోయినట్టు పడుతుంది. ఎవరూ ఏమీ చేయలేదు.

మర్నాడు వాళ్లావిడ, మాకు చెల్లెమ్మే, షాపుకి వచ్చింది. "అన్నయ్యగారూ, నేను నెలనెలా రీఛార్జి చేయిస్తూనే ఉన్నాను కదా, మరి ఎందుకు పోయింది" అంది. సిమ్ బతికి ఉండటం వేరు, ఫోన్ తెరిచి వాట్సాప్ వాడటం వేరు అని చెప్పాను. కాసేపు ఆగి, "అయితే ఇంక రీఛార్జి దండగేనా" అంది. బ్యాంకు మెసేజ్‌లు ఆ నంబరుకే వస్తాయి కాబట్టి ఆ పనులన్నీ అయ్యేదాకా ఉంచమన్నాను. బ్యాంకు పనులు ఎప్పుడో అయిపోయాయి, ఆ కాగితాల కోసం కూడా వెళ్లింది నేనే. 28 రోజులకోసారి వస్తూనే ఉంది, నేను ఆ నంబరు అడగకుండానే కొడుతున్నాను.