తిరగని స్పిన్నర్‌కి కొత్త బ్లేడు మందు కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

"అన్నా, బ్లేడు తిరగట్లేదు. ఏ కంపెనీది కొనమంటావు?" చేపలు పట్టే స్పిన్నర్లు, అంటే లాగితే వైరు మీద రేకు బ్లేడు తిరిగే ఎరలు, ఇంట్లో చేసుకునేవాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే. అప్పటికే రెండు మూడు రకాల బ్లేడ్లు తెప్పించి, డబ్బు వదిలించుకుని, విసిగిపోయి ఫోన్ చేస్తారు. కాబట్టి ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: స్పిన్నర్ తిరగలేదంటే బ్లేడు మంచిది కాదు.

వాస్తవం: మామూలు రేకు బ్లేడైనా నీళ్లు తగిలితే తిరుగుతుంది. దాన్ని పట్టి ఆపేవి దాని చుట్టూ ఉన్న సామాన్లు. ముందు క్లెవిస్ (బ్లేడుని వైరుకి తగిలించే చిన్న వంపు ముక్క) కింద పూస ఉందో లేదో చూడండి. పూస లేకపోతే, లాగినప్పుడల్లా నీళ్ల ఒత్తిడికి క్లెవిస్ వెళ్లి కింద బరువు కోసం ఉండే ఇత్తడి బాడీకి రాసుకుంటుంది, ఆ రాపిడికే ఆగిపోతుంది. నున్నటి గుండ్రటి పూస ఒక్కటి మధ్యలో ఉంటే అదే బేరింగ్ పని చేస్తుంది. దాని కన్నం వైరుకి సరిపడా ఉండాలి. మరీ వెడల్పైతే క్లెవిస్ అంచు అందులో దిగి ఇరుక్కుంటుంది. ఇత్తడిదో గాజుదో వాడండి, మెత్తటి ప్లాస్టిక్ త్వరగా అరిగిపోతుంది.

తర్వాత పై లూప్, అంటే లైన్ (గాలపు తాడు) కట్టడానికి వైరు కొసని చుట్టిన రింగు. క్లెవిస్‌కీ లూప్‌కీ మధ్య కనీసం మూడు నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ వైరు వదలాలి. బ్లేడు గుంట వైపు వైరుకి ఎదురుగా ఉండాలి, ఉబ్బెత్తు వైపు బయటికి. దీన్ని తిరగేసి ఎక్కించేవాళ్లు చాలామంది ఉన్నారు. బాడీ మరీ పొట్టిదైతే బ్లేడు కొస వెళ్లి కొక్కేలకు కొట్టుకుంటుంది. వైరు ఎక్కడైనా వంకర పోయినా అంతే సంగతులు.

కరీంనగర్ నుంచి ఒక తమ్ముడు స్టీలు టిఫిన్ డబ్బా నిండా తిరగని స్పిన్నర్లు పట్టుకొచ్చాడు. మానేరు డ్యామ్‌లో కొర్రమీను కోసం చేసుకున్నవి. కొన్నచోట "ఇంపోర్టెడ్ బ్లేడు వేస్తేనే తిరుగుతుంది" అన్నారట, ఈసారి జీతం రాగానే కొందామనుకుంటున్నాడు. ఒకదాన్ని తీసి గోటితో క్లెవిస్‌ని తోశాను, కదల్లేదు. బాడీకీ లూప్‌కీ మధ్య నలిగిపోయి ఉంది, పూస జాడే లేదు. కొత్త వైరు ముక్క మీద అవే సామాన్లు వరసగా ఎక్కించి, మధ్యలో నాలుగు మిల్లీమీటర్ల ఇత్తడి పూస ఒకటి చేర్చి, కాస్త ఖాళీ వదిలి రౌండ్ నోస్ ప్లయర్‌తో లూప్ చుట్టాను. నీళ్ల తొట్టిలో నెమ్మదిగా లాగితే జానెడు దూరం పోకముందే బ్లేడు లేచి తిరిగింది. ఆ తమ్ముడు మళ్లీ మళ్లీ తనే లాగి చూసుకున్నాడు. బ్లేడు మాత్రం అతను పారేద్దామనుకున్నదే.

మీరు కూడా ఏదైనా కొనే ముందు తొట్టిలో లాగి చూడండి. ఇన్ని డబ్బులు పోశాం, మన చేతికి ఈ పని రాదేమో అని బెంగ పడేవాళ్లు ఎందరో. పోయింది ఒక్క పూస దగ్గర అయ్యుండొచ్చు.

అపోహ: స్వివెల్ (లైన్‌కీ ఎరకీ మధ్య కట్టే, తిరిగే చిన్న కీలు) పెడితే లైన్ మెలి తిరగదు.

వాస్తవం: క్లెవిస్ ఇరుక్కుంటే బ్లేడుతో పాటు స్పిన్నర్ మొత్తం తిరుగుతుంది. చవక స్వివెల్ లాగుడు మీద సరిగా తిరగదు, ఆ మెలికంతా లైన్‌కే ఎక్కుతుంది. బాల్ బేరింగ్ స్వివెల్ మంచిదే, కానీ క్లెవిస్ బాగుచేశాకే దాని ఉపయోగం.

అపోహ: పెద్ద బ్లేడుకి పెద్ద చేప.

వాస్తవం: బ్లేడు ఎంత పెద్దదైతే దాని మీద నీళ్ల ఒత్తిడి అంత ఎక్కువ, దానికి తగ్గ బరువు బాడీకి ఉండాలి. లేకపోతే స్పిన్నర్ పైకి తేలిపోతుంది. కంపెనీ స్పిన్నర్ మెప్స్ అగ్లియా 3వ నంబరు మొత్తం బరువు దాదాపు 6.5 గ్రాములు, మొదలుపెట్టేవాళ్లకి అది మంచి కొలత. కొలరాడో లాంటి వెడల్పు బ్లేడు నిలకడ నీళ్లలో నెమ్మదిగా లాగినా తిరుగుతుంది. పారే నీళ్లలో సన్నటి ఆకులా ఉండే విల్లో బ్లేడు నయం. నంబరు ఒకటే కదా అని కొలరాడో బదులు విల్లో వేయకండి, పొడవు వేరు.

అపోహ: షాఫ్ట్‌కి, అంటే సామాన్లన్నీ ఎక్కించే వైరుకి, బైండింగ్ వైరు చాలు.

వాస్తవం: చాలదు. మొదటి చేపకే వంగుతుంది. 0.8 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్ప్రింగ్ వైరు తీసుకోండి.

రంగుల గురించి వాదనలకు అంతుండదు. ఎండలో తేట నీళ్లకి వెండి, బురద నీళ్లకి ఇత్తడి, రాగి. నేను అంతకు మించి ఆలోచించను.

స్పిన్నర్‌తో బొచ్చె, శీలావతి పట్టేస్తామని చెప్పేవాళ్లని నమ్మకండి. అవి వేటాడి తినే చేపలు కావు, ఎప్పుడో ఒకటి తగిలినా దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. కొర్రమీను, వాలుగ, ఉప్పుటేరుల్లో పండుగప్ప అయితే సరే. అదీ గుర్రపుడెక్క, తామర లేని చోటే. ఆకుల మధ్యకి ట్రెబుల్ హుక్ (మూడు కొక్కేల గాలం) విసిరితే మొత్తం అక్కడే పోతుంది. అలాంటి చెరువుకి కప్ప బొమ్మ తీసుకెళ్లండి.